ఆయుధపూజకి కడిగిన కంప్యూటర్

నవమినాడు పనిముట్లకి పూజ చేసేముందు వాటిని శుభ్రం చేయడం మా ఇంట్లో ఆచారం. కత్తిపీటకి, కొడవలికి తుప్పు గీకుతాం. మా ఆయన మోటారుసైకిల్ కడుగుతారు. ఆ ఏడాది నేను నా ల్యాప్‌టాప్‌ని కూడా అలాగే కడిగాను. బయట మెత్తటి గుడ్డతో తుడిచి, లోపల పాత ప్రోగ్రాములన్నీ తీసేశాను. పాత కంపైలర్ తీసి కొత్తది వేశాను. పాత ఫోల్డర్లు ఖాళీ చేశాను. అమ్మవారి ముందు మాసిన వస్తువు పెట్టడమేమిటనుకున్నాను. మూత మీద గంధం, కుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకుంటే ప్రాణం ఎంత హాయిగా ఉందో.

ఆ హాయి దశమి ఉదయం దాకానే.

బొబ్బిలిలో మాకు రెండు వీధుల అవతల మా పిన్ని ఉండేది. వీణ నేర్పేది. నేను బడి గడప తొక్కినదాన్ని కాను. నాన్న ఇంట్లోనే చదువు చెప్పారు, సంగీతం పిన్ని చెప్పింది, కంప్యూటర్ నేనే తడుముకుంటూ నేర్చుకున్నాను. పిన్ని కుడిచేతికి వణుకు మొదలైనప్పుడు, తీగ మీటగలిగినన్నాళ్ళూ ఆమె వీణలో ఒక్కొక్క స్వరాన్నీ రికార్డు చేసి ఉంచాను. ఆ స్వరాలతో ఒక ప్లగిన్ తయారుచేశాను. పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్‌కి దాన్ని తగిలిస్తే, కీబోర్డు మీద ఎడమచేత్తో నొక్కినా పిన్ని వీణే పలుకుతుంది. దశమి సాయంత్రం శిష్యులంతా ఆమెకి మొక్కడానికి వస్తారు. వాళ్ళ మధ్య కూర్చుని ఒక్క కీర్తన వాయించాలని పిన్ని ఆశ. “పై ఏటికి ఈ ఎడమసెయ్యి మాత్రం మాటింటాదో లేదో” అంది.

నాదం తొందరగా ఆగిపోతోందని ఆమె అంటే, అది సరిచేసే చిన్న మార్పు ఒక్కటి మిగిలింది. దశమి పొద్దున్నే పూజకి ఉద్వాసన చెప్పి, మార్పు చేసి, ప్లగిన్ ప్రాజెక్టుని కంపైలర్‌కి అందేలా ఎక్స్‌పోర్ట్ చేశాను. కంపైలర్ అంటే మనం రాసిన దాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే పనిముట్టు. ఎక్స్‌పోర్ట్ అయిన ప్రాజెక్టు పాత కంపైలర్ కావాలని అడిగింది. సెట్టింగుల్లో కొత్తదాని పేరు ఇచ్చాను. తెర నిండా ఎర్ర అక్షరాలు వచ్చాయి. స్వరాలని నడిపే లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల మూట, ఎవరో పుణ్యాత్ముడు తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చినది. అదే చెడిపోయిందనుకున్నాను. పండగపూట మీవల్ల నా పని పాడైందని ఆయనకి ఫోరంలో, పదిమందీ చూసే చోట, రాసేశాను.

మా ఆయన వెనకాల నిలబడి చూశారు.

“మొన్నటిదాకా బాగానే వాయించింది కదేటే?”

“వాయించిందండీ.”

“మరేటి మార్సినావు?”

“పూజకని శుభ్రం సేసినాను. పాతవన్నీ తీసీసి...”

“ఓలమ్మా! బండి కడగమంటే ఇంజనే ఊడదీసి కాలవలో పారీసినావేటే!”

ఆయన పడీపడీ నవ్వారు. ఆ లైబ్రరీ పాత కంపైలర్‌తో కట్టినదనీ, కొత్తదానితో కలవదనీ నాకు అప్పుడు తట్టింది. ఇంతలో ఆ పుణ్యాత్ముడి జవాబు కూడా వచ్చింది. ఒక్క పరుషమైన మాట లేదు. ఈమధ్య కంపైలర్ ఏమైనా మార్చారా అని అడిగి, పాత వెర్షన్ దొరికే చోటు చెప్పి, రెండూ పక్కపక్కనే ఉండొచ్చు, కొత్తది తీయక్కర్లేదు అని రాశారు. ఏం చేశానో, ఎందుకు చేశానో రాయకుండా, క్షమించండి అని మాత్రం రాశాను. ఆయనెవరో, ఏ దేశమో. ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు తలుచుకుంటాను.

పాత వెర్షన్ డౌన్‌లోడ్‌కి పెట్టి, ఫోన్లో పిన్నికి అంతా చెప్పాను. “సర్లేవే, ఏడవకు” అంది. మా డాంగిల్ నెట్టు చీమలా నడిచింది. సాయంత్రానికి సగం కూడా కాలేదు. మొన్నటిదాకా పలికిన ప్లగిన్ నేను ఖాళీ చేసిన ఫోల్డర్లతోపాటే పోయింది. ఉత్త చేతులతో వెళ్ళాను.

చాపలు పరిచి ఉన్నాయి. కీబోర్డు మీద పట్టుగుడ్డ కప్పి ఉంది. పిన్ని నా చేతుల వంక ఒకసారి చూసి చూపు తిప్పుకుంది. నరసన్నపేట నుంచి వచ్చిన శిష్యురాలు ఉండబట్టలేక అడిగింది.

“గురువుగారూ, వాయిత్తానన్నారు కదా? నాకు బస్సు ఎల్లిపోతాది.”

“యంత్రం ఇంకా పూజలో ఉన్నాదే గుంటా. ముట్టకూడదు. పై ఏడు ఇందువులే.”

అందరూ భక్తిగా ఆ పట్టుగుడ్డ వైపు తిరిగి చేతులు జోడించారు. నేనూ జోడించాల్సి వచ్చింది. జన్మలో అంత సిగ్గుతో దణ్ణం పెట్టలేదు. ఎన్నడూ అబద్ధమాడని మనిషి నాకోసం అమ్మవారినే అడ్డుపెట్టుకుంది.

పై ఏటికి ఆ ఎడమచెయ్యి కూడా మాట వినలేదు.

ఆ దశమి మర్నాడు పొద్దున్న మాత్రం పాత కంపైలర్‌తో మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేస్తే ఒక్క ఎర్ర అక్షరం రాలేదు. ల్యాప్‌టాప్ పట్టుకుని పరుగెత్తాను. పిన్ని పట్టుగుడ్డ తీసి, ఎడమచెయ్యి కళ్ళకద్దుకుని నొక్కింది. స్వరం వెనకే సన్నగా గాజు చప్పుడు. రికార్డు చేసిననాడు ఆమె చేతిదే.

“ఓసి, ఇది నా సెయ్యేనే!” అని నవ్వింది.

కీర్తన మొత్తం వాయించింది. చాపలు ఇంకా చుట్టలేదు. వాటిమీద నేనొక్కదాన్నే కూర్చున్నాను. అయ్యాక వంగి కాళ్ళకి మొక్కాను. దీవించడానికి కుడిచెయ్యి నా తలమీద పెట్టింది. అది వణుకుతూనే ఉంది. పైకి లేవమని పిన్ని రెండుసార్లు అంది.