నా కంప్యూటర్‌కు దీర్ఘాయుష్షు

ఆ రోజుల్లో అమెరికాలో మా షామ్‌బర్గ్ అపార్ట్‌మెంట్లలో మనిషి హోదాను రెండే రెండు విషయాలతో కొలిచేవారు. వీసా ఏ దశలో ఉందన్నది ఒకటి, ఇంట్లో ఏ కంప్యూటర్ ఉందన్నది రెండోది. మొదటి విషయంలో నేనూ అందరితో పాటే క్యూలో నిలబడి ఉన్నాను కాబట్టి సిగ్గుపడాల్సిందేమీ లేదు. రెండో విషయంలో మాత్రం కాస్త తల దించుకునే తిరిగేదాన్ని. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆన్‌లైన్‌లో ఉన్నవాటిలోకల్లా చవకైన గేమింగ్ కంప్యూటర్ కొన్నాను. గేమింగ్ అన్న మాట అట్టపెట్టె మీద పెద్దక్షరాలతో ఉండేది. లోపల మాత్రం దాని తాలూకు జాడలు కొద్దిగానే ఉండేవి. ముందు భాగంలో ఒక ఎర్రలైటు వెలిగేది. పైన జల్లెడలాంటి చిల్లుల మూత ఉండేది. (ఈ మూతను గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు, అందుకే ఇంత కథ.)

కొన్న నెలకే దసరా వచ్చింది. మా కాంప్లెక్సులో ఆయుధపూజంటే పార్కింగ్ లాట్‌లో కార్లన్నీ వరసగా నిలబెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడమే. దీనికంతటికీ పెద్దరికం వహించేది మా కింది ఫ్లోర్ ఆంటీ. ఆమె కొడుకు దగ్గర ఉండటానికి వచ్చారు గానీ, వచ్చిన ఆర్నెల్లకే మా అందరికీ పెద్ద దిక్కయిపోయారు. నాకప్పటికి కారు లేదు. పూజలో వెలితిగా ఉంటుందని, బట్టల బుట్ట బోర్లించి దాని మీద నా కంప్యూటర్‌ని కార్ల వరసలో చివర నిలబెట్టాను. ఆంటీ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "దీనికి టైర్లేవే? నిమ్మకాయ ఎక్కడ పెట్టమంటావే?" అన్నారు. చివరికి నిమ్మకాయను ముందు పెట్టి, ఎర్రలైటు పక్కన కుంకుమ బొట్టు పెట్టి, "పదిమందీ తలో చెయ్యీ వెయ్యండర్రా, ఆడపిల్ల కష్టార్జితం. దీర్ఘాయుష్షుతో పదికాలాల పాటు పనిచెయ్యాలి!" అని గుప్పెడు అక్షింతలు దాని నెత్తిన చల్లారు. ఆవిడ వెనకే మిగతా పెద్దలంతా చల్లారు. చేతులు జోడించి నిలబడ్డ నాకు, సొంత పెళ్ళిలో కూడా (తర్వాత తెలిసింది) అంత పులకింత కలగలేదు.

డిసెంబరులో మా కాంప్లెక్సుకు ఆ చివరనున్న క్లబ్‌హౌస్‌లో గేమింగ్ లీగ్ జరిగింది. ఎవరి కంప్యూటర్ వాళ్ళు మోసుకొచ్చి, జట్లుగా కూర్చుని ఆడాలి. మా జట్టుకు కెప్టెన్ వరంగల్ కుర్రాడు, మా ఆఫీసులోనే పని. (అందరం అతన్ని కెప్టెన్ అనే పిలిచేవాళ్ళం. అసలు పేరు పిలిస్తే పలికేవాడు కాదు.) ఆటలో నా పని కోటగుమ్మం దగ్గర కాపలా. ఫైనల్ పక్క ఊరు నేపర్‌విల్ జట్టుతో. నా కంప్యూటర్‌ను కెప్టెన్ కారు వెనకసీటులో పడుకోబెట్టి, సీటుబెల్టు కూడా పెట్టి, జాగ్రత్తగా తీసుకెళ్ళాను. ఆట మొదలైన ఇరవై నిమిషాల దాకా బ్రహ్మాండం. ఆ తర్వాత తెర మీద బొమ్మ ఒక్కో అడుగూ ఆగి ఆగి వేయడం మొదలుపెట్టింది. మరి కాసేపటికి నా యోధురాలు కత్తి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండగా గుమ్మంలో శిలావిగ్రహమైపోయింది. శత్రువులు నలుగురూ నా పక్క నుంచే, నన్ను తోసుకోనైనా తోసుకోకుండా లోపలికి వెళ్ళారు. వాళ్ళలో ఒకడు ఆగి, నా ఎదురుగా నిలబడి, తన బొమ్మ చేత డాన్సు కూడా చేయించాడు. క్లబ్‌హౌస్ అంతా పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది.

ఆ రోజు నుంచి నా పేరు బఫరింగ్. లిఫ్టులో, మెయిల్‌బాక్సుల దగ్గర, లాండ్రీ రూములో అదే పేరు. పసుపు అప్పడిగేందుకు వెళితే పై ఫ్లోర్ ఆవిడ కూడా లోపలికి తిరిగి, "ఏవండీ, బఫరింగ్ అమ్మాయొచ్చింది" అంది. మళ్ళీ మార్చిలో లీగ్ అనగానే కెప్టెన్ నాకు ఫోన్ చేసి, వేయాల్సిన అక్షింతలన్నీ వేశాడు. చివర్లో నెమ్మదిగా, "చూడు మేడం, గ్రాఫిక్స్ కార్డన్నా మార్చు, లేకుంటే కంప్యూటరన్నా మార్చు. రెండూ కాదంటే మేం మనిషిని మార్చాల్సొస్తది. బాధపడకు, గిది నా ఒక్కని మాట కాదు" అన్నాడు. ఫోన్ పెట్టేశాక బాగా ఏడ్చాను. ఆట కోసం కాదు. కొత్త దేశంలో ఆఫీసులో మీటింగుల్లో నోరెత్తలేక, బయట ఎవరితోనూ కలవలేక ఉన్న నాకు "మనవాళ్ళు" అనిపించింది ఆ జట్టొక్కటే. అందులో చోటు పోతే వారాంతాల్లో నాకు మిగిలేది గోడలూ, హీటరు చప్పుడూ.

ఇక మొదలైంది మీమాంస. పాతదానికి భాగాలు మార్చాలా, మొత్తంగా కొత్తది కొనాలా? సలహా అడిగితే చాలు, అమెరికాలో మన మగవాళ్ళంత ఉదారంగా ఇచ్చేవాళ్ళు ఉండరు. పార్సిప్పనీలో ఉన్న మా పెద్దమ్మ కొడుకు, అన్నయ్య, విషయం పూర్తిగా వినకముందే, "పడేసి కొత్తది తీసుకోవే, ఆలోచించేదేముంది?" అన్నాడు. (అన్నయ్య కార్ల విషయంలోనూ, ఉద్యోగాల విషయంలోనూ, ఒకసారి కిందటి ఏడాదే కొన్న సోఫా విషయంలోనూ ఇదే మాట అన్నాడు.) కెప్టెన్ గ్రాఫిక్స్ కార్డు చాలన్నాడు. సరే, కార్డు చూస్తే, దానికి నా పవర్ సప్లై చాలదట. పవర్ సప్లై మారిస్తే అది నా డబ్బాలో పట్టదట. డబ్బా మార్చేటప్పుడు పనిలో పనిగా మదర్‌బోర్డు కూడా మార్చుకుంటే మంచిదట. చీర మీదకి జాకెట్టు కొందామని బయల్దేరి, జాకెట్టుకు సరిపడే గాజులు, గాజులకు సరిపడే చెప్పులు కొని, ఆఖరికి చీరే నప్పలేదని తేల్చుకున్నట్టుంది వ్యవహారం.

మా రూమ్మేటుది రాజమండ్రి. ఏ సమస్యనైనా ఎక్సెల్ షీట్‌లో పెడితేగానీ ఆమెకు సమస్యలా కనబడదు. కూర వండాలా, బయటి నుంచి తెప్పించుకోవాలా అన్నదానికి కూడా ఒక షీట్ ఉండేది. ఆదివారం పొద్దున్నే కాఫీ పెట్టుకుని కూర్చుని, ఒక వరసలో "అప్‌గ్రేడ్", ఒక వరసలో "రీప్లేస్" అని రాసి, వేగం, ఆయుష్షు, రూపం, మనశ్శాంతి అని మార్కులు వేయడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి రెండింటికీ సరిసమానంగా మార్కులొచ్చాయి. "ఏంటే బాబూ ఇది, నా ఫార్ములాలో తప్పేం లేదే!" అని ఆమె ఆశ్చర్యపోతుంటే, నాకు ఒళ్ళు మండి, "కొత్తదే కొనేస్తా" అని లేచాను. నచ్చిన కంప్యూటర్‌ను అక్కడికక్కడే కార్ట్‌లో పెట్టేశాను. పాతదాన్ని అమ్ముతానని మా కాంప్లెక్సు గ్రూపులో ఒక ఫోటోతో ప్రకటన ఇచ్చాను.

ఐదు నిమిషాల్లో ఒక ఎమ్మెస్ విద్యార్థిని నుంచి మెసేజ్ వచ్చింది. "అక్కా, లోపలి ఫోటో కూడా పెట్టరా ప్లీజ్?" అని. అప్పుడు స్ఫురించింది నాకు, కొన్నప్పటి నుంచీ దాన్ని నేను ఒక్కసారి కూడా విప్పి చూడలేదని. వెనక ఒక స్టిక్కర్ ఉండేది. అది చిరిగితే వారంటీ పోతుందేమోనని ఆ వైపు తుడవడానికి కూడా భయపడేదాన్ని. దాని గురించి ఊరందర్నీ అడిగాను, మూడు నెలలు మథనపడ్డాను, ఏడ్చాను, షీట్ వేయించాను. మూత తీయడం మాత్రం ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. మనవాళ్ళం రోజంతా ఆఫీసుల్లో కంప్యూటర్లకు వైద్యం చేసేవాళ్ళమే కదా, అయినా ఇంట్లో కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి బొట్టు పెట్టి దణ్ణం పెట్టేవాళ్ళమే.

స్క్రూలు రెండూ చేత్తోనే వచ్చేశాయి. పక్క తలుపు తీశాను. లోపల చూసి, "ఒసేయ్, ఇటు రా" అని రూమ్మేటును పిలిచాను. ఆమె వంగి చూసి, "ఏంటే ఇది, పసుపు బియ్యం!" అంది. దసరానాటి అక్షింతలు! ఆ చిల్లుల మూతలోంచి దిగి, ఒక్కటీ చెక్కుచెదరకుండా లోపలే కాపురమున్నాయి. వైర్ల మధ్య కొన్ని, అడుగున కొన్ని. ఒకే ఒక్క గింజ మాత్రం, ప్రాసెసర్‌ను చల్లబరిచే చిన్న ఫ్యాన్ రెక్కకూ, దాని చుట్టూ ఉన్న చట్రానికీ మధ్య మేకు దిగ్గొట్టినట్టు ఇరుక్కుని ఉంది. వేలితో తిప్పితే ఫ్యాన్ తిరగడం లేదు. అర్థమైపోయింది. కారు వెనకసీటులో నేను దాన్ని ప్రేమగా పడుకోబెట్టినప్పుడు గింజ దొర్లివెళ్ళి అక్కడ కూర్చుంది. ఫ్యాన్ ఆగిపోవడంతో ఇరవై నిమిషాలకు లోపల వేడెక్కి, ప్రాణం కాపాడుకోవడానికి పాపం కంప్యూటరే నెమ్మదించేది. దీర్ఘాయుష్షు కోసం వేసిన అక్షింతలే దాని ఆయుష్షు మీదికి తెచ్చాయి.

కనుబొమలు సరిచేసుకునే ప్లక్కర్ తెచ్చి, ఊపిరి బిగబట్టి, గింజను లాగాను. టిక్కుమని వచ్చేసింది. స్విచ్ వేయగానే ఫ్యాన్ గిర్రున తిరిగింది. మూడు నెలల తర్వాత ఆ చప్పుడు వింటుంటే సంగీత కచేరీకి వెళ్ళినట్టుంది. గంట ఆడాను. రెండు గంటలు ఆడాను. ఒక్కసారి కూడా ఆగలేదు. కార్ట్‌లోది తీసేశాను. విద్యార్థినికి క్షమాపణ చెప్పి, తనకు వేరే కంప్యూటర్ కొనాల్సివస్తే ముందు మూత తీసి చూడమని సలహా కూడా ఇచ్చాను. (సలహాలివ్వడంలో నేనూ తీసిపోనని ఆ రోజే తెలిసింది.) రూమ్మేటు తన షీట్‌లో మూడో వరస చేర్చి, పైన "ప్లక్కర్" అని రాసి, నూటికి నూరు మార్కులు వేసింది. జట్టులో ఆ ఒక్కసారికి ఆడనిమ్మని కెప్టెన్‌ని ఒప్పించేసరికి మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది. రిపేరైందని చెబితే నమ్మడు. గింజ సంగతి మొత్తం చెబితే ఐదు నిమిషాలు ఆపకుండా నవ్వి, "మస్తుంది గానీ, మళ్ళ ఆగితే నిన్నెవ్వరూ కాపాడలేరు" అని ఒప్పుకున్నాడు. ఈ విషయం ఆంటీ చెవిన పడకూడదని ఒట్టేయించుకున్నాను.

మార్చిలో మళ్ళీ ఫైనల్. మళ్ళీ నేపర్‌విల్. ఈసారి కంప్యూటర్‌ను పడుకోబెట్టలేదు, ఒళ్ళో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాను. ఇరవై నిమిషాలు దాటాయి. ఇరవై ఐదు దాటాయి. నేను గుమ్మంలో ఉన్నాను. దూరంగా ఆ డాన్సువాడు, వాడి వెనక ముగ్గురూ వస్తున్నారు. నాకేం బుద్ధి పుట్టిందో ఏమో, మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశాను. నా బొమ్మ కదలకుండా నిలబడింది. "ఏంది, మళ్ళా ఆగిందా? అయిపోయింది, సచ్చినం!" అని కెప్టెన్ పక్కన జుట్టు పీక్కుంటున్నాడు. జనం "బఫరింగ్! బఫరింగ్!" అని అరుస్తున్నారు. ఆ డాన్సువాడు తీరిగ్గా నా ఎదురుగా వచ్చి, మిగతా ముగ్గురినీ కూడా పిలిచాడు. అందరూ వరసగా నిలబడి డాన్సు మొదలుపెట్టారు. రెండో స్టెప్పు దాకా ఆగాను. మూడో స్టెప్పుకు మౌస్ అందుకున్నాను. నలుగురూ నేల మీద పడ్డాక గానీ వాళ్ళకు ఏం జరిగిందో అర్థం కాలేదు. ఒక్క క్షణం క్లబ్‌హౌస్ మొత్తం బఫరింగ్. ఆ తర్వాత పైకప్పు ఎగిరిపోయేంత కేక. కెప్టెన్ కుర్చీ ఎక్కి, "గది బఫరింగ్ కాదురా భై, ప్లానింగ్!" అని గొంతు చించుకున్నాడు. గెలుపంటే ఎలా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత రెండు ప్రమోషన్లొచ్చాయి గానీ, ఆ రుచి లేదు.

జనాన్ని తోసుకుంటూ ఆంటీ వచ్చారు. నా బుగ్గలు పుణికి, మెటికలు విరిచి, "చూశావా? నా అక్షింతలు ఊరికే పోతాయా!" అన్నారు. "అంతా మీ అక్షింతల వల్లే ఆంటీ" అన్నాను. అంత నిజాన్ని అంత అమాయకంగా నేనింకెప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు నేపర్‌విల్‌లోనే మా ఇల్లు. (శత్రుదేశమని కెప్టెన్ ఇప్పటికీ దెప్పుతాడు.) ఆ కంప్యూటర్ నిజంగానే దీర్ఘాయుష్షుతో ఏడేళ్ళు పనిచేసి, పోయిన నెల ప్రశాంతంగా కన్నుమూసింది. కొత్తది కొన్నాను. ఇంద్రధనుస్సులా వెలుగుతుంది, పక్కనంతా అద్దం, లోపలున్నవన్నీ కనిపిస్తాయి. కనిపించడానికి లోపల ఒక్క పసుపు గింజైనా లేదు. అది చూస్తే ఎందుకో వెలితిగా అనిపించి, డాలస్‌లో కొడుకు దగ్గరున్న ఆంటీకి వీడియో కాల్ చేసి, కొత్తది కొన్నానని చెప్పాను.

"ఉండవే, అక్షింతలు కలుపుకొస్తా" అని ఆమె వంటింట్లోకి వెళ్ళి, గుప్పిటతో వచ్చి, ఫోన్ ముందు నిలబడ్డారు. చెయ్యి ఎత్తి, ఆగి, "ముందు దాని మీద ఒక తువ్వాలు కప్పు" అన్నారు.

"మీకెవరు చెప్పారాంటీ?"

"మీరు గెలిచిన ఆ సాయంత్రమే మీ కెప్టెన్ చెప్పాడే. నేను నొచ్చుకుంటానని నువ్వు దాచిపెట్టావు కదా, అంత ముచ్చటగా దాచినదాన్ని చెడగొట్టడమెందుకని నేనూ ఊరుకున్నా."

తువ్వాలు తెచ్చి కప్పాను. ఇంకేం చేయాలో తెలియక దాని పక్కనే తల వంచి నిలబడ్డాను. డాలస్‌లో ఆంటీ ఫోన్ మీద గింజలు టపటపా పడుతున్న చప్పుడు నేపర్‌విల్‌లో వినిపిస్తుంటే, పార్కింగ్ లాట్‌లో బట్టల బుట్ట ముందు చేతులు జోడించుకున్న ఆ పిల్ల గుర్తొచ్చి, తల ఇంకొంచెం వంచాను.