అవ్వ తలంటిన బోల్టు

వయసులో ఉన్నప్పుడు మనిషికి రెండు నమ్మకాలుంటాయి: తాను చదివిందంతా నిజమని, ఇంట్లోవాళ్లకి ఏమీ తెలీదని. డిప్లొమా చేతికొచ్చిన ఆ రోజుల్లో నాకు రెండూ దండిగా ఉండేవి. సూళ్లూరుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో, యంత్రాలకు బోల్టులు బిగించే విభాగంలో ఉద్యోగం వచ్చింది. మా నాయన ససేమిరా అన్నాడు. "బోల్టులు బిగించేదానికి అంత దూరం పోవాల్నా? ఈడ మన గానుగకి లేవా బోల్టులు?" ఐరాల పక్కన మా చెరుకు గానుగకు నిజంగానే ఉండేవి, ఏటా తెగేవి కూడా. నాయన పానాకు బారెడు ఇనప పైపు తొడిగి, దానిమీద తన బరువంతా వేసి బిగించేవాడు (ఆ బరువు తక్కువేం కాదు). తెగితే "ఇనుములో కల్తీ" అనేవాడు.

నేనూరుకుంటానా? "బిగిస్తే బోల్టు రవ్వంత సాగతాది నాయనా. మళ్లీ దగ్గరికి రావాలని లాగతాది సూడు, ఆ లాగుడే గానుగని పట్టుకొనేది. మరీ సాగదీస్తే పాత లంగా ఎలాస్టిక్ మాదిరి అయిపోతాది" అన్నాను. నాయన పడీపడీ నవ్వాడు. "ఇనుము సాగేది యాడ సూసినావు మే? సరే, ఈ తూరి నువ్వే బిగించు. ఆడేటప్పుడు గానుగ దిమ్మె మీంచి కదలకుంటే ఉద్యోగానికి పో. కదిలిందా, ఇంగ ఆ మాట ఎత్తద్దు."

గానుగకు పూజ చేసిన రోజు, చాలినంత బిగియగానే టక్కుమనే పానా ఒకటి తెలిసిన మెకానిక్ దగ్గర అడిగి తెచ్చాను. మొదటి నట్టు తిప్పుతున్నాను, తిప్పుతున్నాను, టక్కుమనదే! బిగియాల్సింది పోయి మెత్తబడుతోంది. విప్పి చూస్తే బోల్టు చుట్టూ ఉండే మరలనిండా ఆముదం. "పూజ గదమ్మా, కొత్త బోల్టులకి తలంటినా" అంది మా అవ్వ తాపీగా. పొడి మరలకు లెక్కేసిన బలం జారే మరల మీద పడితే బోల్టు ఎక్కువ సాగిపోతుంది. నా ఉద్యోగం ఆముదంలో కలిసిందనుకున్నాను.

నాయన ఆ బోల్టు అందుకుని, ఇంకా బిగించని దాని పక్కన నిలబెట్టాడు. గోటి మందం పొడుగుంది. నమ్మలేక తిరగేసి మళ్లీ పెట్టి చూశాడు. "అమ్మా, ఇనుము సాగిండాదే!" అని అవ్వను కేకేశాడు. దాని బదులు వేరేది వేసి, మిగతావాటి ఆముదం తుడిచి నేను బిగిస్తుంటే, పైపు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు గానీ తొడగలేదు. మర్నాడు పొద్దుగూకేదాకా ఆడినా గానుగ కదల్లేదు.

నన్ను బస్సెక్కించేటప్పుడు నాయన నా బ్యాగు పట్టీ ఎంతకీ వదల్లేదు. కండక్టరు అరిస్తే వదిలాడు. నాకప్పుడు నవ్వొచ్చింది.

మొన్న మా అమ్మాయి పుణెలో చదువుకుంటానంది. "అంత దూరమెందుకు, ఈడ తిరుపతిలో లేవా కాలేజీలు?" అన్నాను. అన్నాక నాలిక్కరుచుకున్నాను. నాయన పోయి ఏళ్లయింది, ఆ పైపు మాత్రం నా చేతికొచ్చినట్టుంది. దించాలి. కాస్త టైం పడుతుంది.