బ్రేకు అందని సీటు

వీధి చివరి దర్జీ అక్క పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుందంటే మొగుడు ఎంత వాగినా పలకదు. అవి తీసిందంటే మాత్రం వీధంతా చెవులు అప్పగించాల్సిందే. మనిషి పొట్టి. కారెక్కగానే మీట నొక్కి, మోటారు సీటును స్టీరింగు దాకా జరుపుకొని, కుట్టిన బట్టల మూటలు దుకాణాలకు తనే చేరవేస్తుంది. వారం కిందట ఆ సీటు ఆరడుగుల మొగుడి కాళ్లకు సరిపోయేలా వెనకే ఆగిపోయింది. ఆమె కాలికి బ్రేకు అందలేదు. "మోటారు కాలిపోయిందే. ఇక బండి నేనే తోల్తా, నువ్వు కుట్టుకుంటూ ఇంట్లో పడుండు," అన్నాడాయన, మీసం కింద నవ్వు దాచుకుంటూ.

ఆదివారం పొద్దున్నే ఆమె టార్చి పట్టుకొని సీటు కిందికి దూరింది. చెంపకు గ్రీజు అంటింది, మోచెయ్యి గీరుకుపోయింది. అడుగున ప్లగ్గు ఊడి కనిపించింది. దాని నోటికి నల్లటేపు మూడు చుట్లు చుట్టి, చివర చిన్న మడత పెట్టి ఉంది. ఆ ఇంట్లో టేపుకు అలా మడత పెట్టే చెయ్యి ఒక్కటే. టేపు ఊడబీకి ప్లగ్గు దోపింది. మీట నొక్కగానే సీటు బుర్రుమంటూ స్టీరింగు దాకా ముందుకొచ్చింది.

చప్పుడు విని ఆయన బనీనుతోనే పరుగెత్తుకొచ్చాడు. "నిన్నెవరు ముట్టుకోమన్నారే?"

"మడత బాగా పెట్టావయ్యా," అంటూ ఆమె వంగి, కటింగ్ ప్లేయరుతో సీటు మోటారు వైరు పుటుక్కున తెంపేసింది. తాళం ఆయన చేతిలో పెట్టింది. "ఎక్కి తోలు."

మోకాలు స్టీరింగుకు అడ్డుపడి, ఆయన సగం కారులో, సగం రోడ్డు మీద ఉండిపోయాడు.