కొక్కెం మీది బరువు

గ్లెనిస్ హారప్ ఆస్ట్రేలియాలోని మా మిల్డూరా ఊళ్లో ముప్పై ఏళ్లు గోధుమ లారీలు తూచింది. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక నాలుగు తూకం పలకలు కొనుక్కుని, కార్ల వెనక కట్టుకెళ్లే చక్రాల ఇళ్లు, కారవాన్లు తూచడం మొదలుపెట్టింది. పక్కింటివాణ్ణి కదా, పలకలు మోయడానికి నేనూ వెళ్లేవాణ్ణి.

మా ఊరివాళ్ల సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. తూకానికి నీళ్ల ట్యాంకులు ఖాళీ చేసుకొస్తారు, బీరు పెట్టెలు ఇంట్లో దాచొస్తారు. బరువు హద్దులోనే ఉందన్న కాగితం చేతికొచ్చాక అన్నీ ఎక్కిస్తారు. ఎవర్ని మోసం చేస్తున్నట్టు? గ్లెనిస్ దగ్గర మాత్రం ఆ పప్పులు ఉడికేవి కావు. తలుపులు తీసి చూసి, "నీళ్లు నింపుకుని రా, పో" అని తోలేసేది.

ఆమె తమ్ముడు లిండ్సే, మరదలు మౌరీన్ ఏడాదిపాటు దేశం చుట్టి రావాలని బయల్దేరారు. సోమవారం తూస్తే మొత్తం బరువు సరిపోయింది. కానీ కారవాన్ని తగిలించే కారు కొక్కెం మీద పడే బరువు రెండు వందల తొంభై కిలోలు. ఆ కారుకి హద్దు రెండు వందల యాభై.

"ముందు పెట్టెలో ఏం కుక్కావురా? నీ బుర్రయితే కాదని తెలుసు."

"జనరేటరూ, పనిముట్లూ అక్కా. నలభై కిలోలకి ఇంత గోలా?"

"గోలే. దించి రా."

బుధవారం పొద్దున మళ్లీ వచ్చాడు. మౌరీన్ కార్లోంచే చెయ్యూపింది. ఈసారి కొక్కెం మీద నూట అరవై. మొత్తం మాత్రం మొన్నటిదే. గ్లెనిస్ ఆ అంకెకేసి కాసేపు చూసింది. మొత్తం తగ్గకుండా ముందు తగ్గిందంటే సామాను తోకకి చేరిందన్నమాట. తోక బరువెక్కిన కారవాన్ చిన్న గాలికే ఊగుతుంది, కారునీ ఊపేస్తుంది. అది ఆమెకి తెలియనిది కాదు. కానీ చట్టం చెప్పింది పైహద్దే, కింది హద్దు లేదు.

"సరిపోయిందా లేదా అక్కా? ఎండెక్కకముందే ఊరు దాటాలి. అసలు నీకు మేం వెళ్లడమే ఇష్టం లేనట్టుంది!"

ఆ మాట గుచ్చుకుంది. నిజంగానే ఆమెకి ఇష్టం లేదు. ఈ ఊళ్లో మనసు విప్పి మాట్లాడుకోవడానికి ఆమెకున్నది మౌరీన్ ఒక్కతే. తన స్వార్థమే అడ్డు చెప్పిస్తోందనుకుని, వెనక్కి వెళ్లి చూడకుండానే సంతకం పెట్టేసింది. నేనైనా చూడాల్సింది. పలకలు సర్దుకుంటూ ఉండిపోయాను.

బ్రోకెన్ హిల్ ఊరికెళ్లే దారిలో ఓ పెద్ద ట్రక్కు వాళ్లని దాటింది. ఆ గాలికి కారవాన్ ఊగడం మొదలెట్టి, కారుని కూడా లాక్కుని పల్టీ కొట్టింది. లిండ్సేకి చెయ్యి విరిగింది. మౌరీన్ అక్కడికక్కడే పోయింది.

పోలీసులు కాగితం చూశారు. అంకెలన్నీ హద్దులోనే ఉన్నాయి కాబట్టి ఎవరి తప్పూ లేదన్నారు.

అంత్యక్రియలయ్యాక చర్చి హాల్లో అందరం టీ కప్పులు పట్టుకుని నిలబడ్డాం. కట్టు కట్టిన చేత్తో లిండ్సే అక్క దగ్గరికొచ్చాడు.

"నీ కాగితమే నన్ను నిలబెట్టిందక్కా. అది లేకపోతే మౌరీన్‌ని నేనే చంపానని బతికినన్నాళ్లూ కుమిలిపోయేవాణ్ణి."

గ్లెనిస్ ఏదో చెప్పబోయింది. వాడి మొహం చూసి ఆగిపోయింది.

"టీ చల్లారిపోతోందిరా, తాగు" అంది.