దానిమ్మకు పోసిన నీళ్ళు

మామకూ నాకూ మధ్య మాటలు మోసింది మా అత్త. కోడలు మామ ఎదుట నోరు విప్పకూడదన్నది పెనుకొండలో మా ఇంటి ఆచారం. ఆయనకు మజ్జిగ కావాలంటే అత్తతో అనేవాడు. బియ్యం నిండుకున్నాయని నేనూ అత్తతోనే అనేదాన్ని, ముగ్గురమూ ఒకే వసారాలో కూర్చుని ఉన్నా సరే. యుద్ధం రోజుల్లో మా ఆయన పటాలంలో చేరి వెళ్ళిపోయాడు. నాలుగైదు నెలలకొక కార్డు వచ్చేది. ఆ మరుసటి ఏడు అత్త పోయింది. ఇంట్లో మామా నేనూ మిగిలాం.

అప్పటి నుంచి మామ గోడతో మాట్లాడడం మొదలుపెట్టాడు. "పొద్దాయ, బువ్వ పెడితే తినొచ్చు" అని గోడకు చెప్పేవాడు. నేను తలుపు చాటున గాజులు చప్పుడు చేసి, విన్నానని తెలియజేసేదాన్ని. వచ్చిపోయే చుట్టాలకు ఇదంతా ఎంతో మర్యాదగా కనిపించేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ధర్మవరంలో మా పుట్టింట్లో మూడు మగ్గాలు. ఆ చప్పుడు మీద వినబడాలని పొద్దస్తమానం అరుచుకునేవాళ్ళం. అలాంటి ఇంటి నుంచి వచ్చినదాన్ని, ఒక్కోసారి నా గొంతు నేను వినడానికే పొయ్యిని తిట్టుకుంటూ కూర్చునేదాన్ని. ఎవరైనా నన్ను చూసి, నాతోనే, ఒక్క మాట అంటే చాలనిపించేది.

పెరట్లో ఒక దానిమ్మ చెట్టు ఉండేది. అత్త ఉన్నప్పుడు దాని పనంతా వాళ్ళిద్దరిదే. ఆ వేసవిలో మామ ఒక్కడే కొడవలి పట్టి, చెట్టు మొదట్లో లేచిన పిలకలన్నీ కోసేశాడు. ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలు తీసేశాడు. తర్వాత మొదలు చుట్టూ మన్ను తవ్వి వేర్లు బయటపెట్టాడు. నీళ్ళు పోయడం మానేశాడు. పదిరోజులకు ఆకు పసుపుపచ్చబడి రాలసాగింది. అత్త పోయిన దుఃఖంలో చెట్టును కూడా చంపుకుంటున్నాడనుకున్నాను. మగ్గాల ఇంటి పిల్లకు చెట్ల సంగతి ఏం తెలుసు? ఆయన్ను అడగడానికి లేదు. పొరుగువాళ్ళను అడిగితే ఇంటి గుట్టు వీధిన పెట్టినట్టవుతుందని ఊరుకున్నాను.

మామది పట్టు నూలు వ్యాపారం; సరుకు కోసం వారానికి రెండుసార్లు రైల్లో హిందూపురం వెళ్ళేవాడు. ఆయన వీధి మలుపు తిరగగానే నేను రెండు కడవల నీళ్ళు చెట్టు మొదట్లో పోసి, తడి కనబడకుండా పైన ఎండుమన్ను చల్లేదాన్ని. చెట్టు చిగురు వేసింది. నేనే బతికించానని మురిసిపోయాను.

ఒకరోజు రైలు తప్పిపోయి ఆయన వెనక్కి వచ్చాడు. నా చంకలో కడవ ఉంది.

"నీళ్ళెందుకు పోస్తాండావమ్మా?" అని కేక వేశాడు. గోడతో కాదు, నాతో. "ఎండితేనే గదా పూత వచ్చేది! నెలన్నర దప్పికతో ఉండల్ల. వాన పడినాక గొర్రెల ఎరువు, కానుగాకు, చెరువుమన్ను ఏసి అప్పుడు నీళ్ళు పెట్టల్ల. ఇంగ ఈ యేడు ఆకే, కాయలు రావు!"

నేను ఏడ్చాను. తిట్టినందుకని ఆయన అనుకున్నాడు. అన్ని మాటలు నాకోసం ఖర్చుపెట్టినందుకు ఏడ్చానని ఎలా చెప్పను? ఆచారం తప్పానని సిగ్గుపడి ఆయన మళ్ళీ గోడ దగ్గరికే పోయాడు. ఆ ఏడు నిజంగానే ఒక్క కాయ కాయలేదు.

మరుసటి వేసవిలో మళ్ళీ కోశాడు, తవ్వాడు, నీళ్ళు ఆపాడు. ఇప్పుడు నాకు అంతా తెలుసు. ఊరికే ఉంటే చాలు, చెట్టు నిండా పూత వస్తుంది. పదిహేను రోజులు ఊరికే ఉన్నాను. పదహారో రోజు, ఆయన వసారాలో కూర్చుని చూస్తుండగానే, కడవ నింపుకొని వెళ్ళి మొదట్లో కుమ్మరించాను. తిట్టు కోసం అక్కడే నిలబడ్డాను.

ఆయన లేచి వచ్చాడు. తడిసిన వేర్లను చూశాడు, నన్ను చూశాడు. కేక వేయలేదు.

"మాట్లాడల్లనుంటే మాట్లాడమ్మా" అన్నాడు. "చెట్టునెందుకు సాధిస్తావు?"

చెప్పాలని దాచుకున్నవి ఎన్నో ఉన్నాయి. నోరు తెరిచాను. చప్పుడు చేసింది నా గాజులే.