అరెకరం పత్తి, ఒక సెమీఫైనల్

మాకు ఆటలు నేర్పిన పీడీ సారు పోయారు. మంగళవారం పొద్దున నేను ఖిల్లా ఘణపూర్‌లో మా బడి పిల్లల చేత గ్రౌండ్ చుట్టూ పరుగు తీయిస్తుంటే, కాలేజీలో మా ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్‌గా ఉన్న అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. గుండెపోటట, దవాఖానలో మూడు రోజులున్నారట. పిల్లలు పరుగు ఆపి నా మొహం చూస్తున్నారు. "ఆగుమన్ననా? ఉరుకుర్రి" అని కసిరాను. ఆ మాట సారుది. నోట్లోంచి వచ్చాక గానీ నాకు ఏడుపు రాలేదు.

అప్పటి నుంచి గొప్ప కోచ్, మహానుభావుడు అంటూ ఫోన్‌లో మెసేజీలు. చదివితే సారే నవ్వేవారు. అసలు ఆయనకు ఫుట్‌బాల్ రాదు. కబడ్డీ మనిషి. గద్వాలలో మా డిగ్రీ కాలేజీకి వచ్చాక ఆడపిల్లలకు కూడా ఒక జట్టు ఉండి తీరాలని పట్టుబట్టి, రూల్సు పుస్తకం కొనుక్కొచ్చి మాతో పాటే నేర్చుకున్నారు. ఆఫ్‌సైడ్ అంటే ఏందో ఆయనకు తలకెక్కడానికి నెల పట్టింది. మాకు ఇంకో నెల.

మా గ్రౌండంతా మొరం. ప్రతి ఒక్కరూ దోసెడు రాళ్లు ఏరి గోడ అవతల పారబోస్తే గానీ సారు సంచిలోంచి బంతి తీసేవారు కాదు. ఆయనా మాతో వంగి ఏరేవారు. అయినా మొరం మొరమే, పడితే మోకాలి తోలు లేచిపోయేది. అందుకని కింద పడి బంతి ఆపే విద్య మాకు అబ్బలేదు. సారు దాన్నే మా పద్ధతి చేసేశారు. "పడుడు లేదు. నిలబడి గుంజుకోవాలె" అనేవారు.

రెండేళ్లు ఆడిన ప్రతి మ్యాచ్ ఓడిపోయాం. ఒక్క గోల్ కూడా వేయలేదు. నేను గోల్‌కీపర్‌ని కాబట్టి కాలేజీలో నవ్వులన్నీ నా నెత్తినే. ఓడిన ప్రతిసారీ సారు అడిగేది ఒకటే, పోయినసారి కంటే ఏం నయమని. ఏదో ఒకటి చెప్పేదాకా బస్సు ఎక్కనిచ్చేవారు కాదు. ఒకసారి ఒళ్లు మండి, ఏం నయం లేదు సార్, ఏడు గోల్స్ పడ్డయి అన్నాను. మొన్న తొమ్మిది పడ్డయి గదా అన్నారు. ఆయన మీద కోపం నిలుపుకోవడం చాలా కష్టం.

మూడో ఏడు గెలవడం మొదలుపెట్టాం. మొదటి గోల్ వేసినప్పుడు మా వాళ్లకు సంబరం ఎట్లా చేసుకోవాలో తెలియక గమ్మున నడిచొచ్చి ఎవరి చోట్లో వాళ్లు నిలబడ్డారు. వరసగా మూడు మ్యాచ్‌లు గెలిచి సెమీఫైనల్‌కు వచ్చాం. సెమీఫైనల్ వనపర్తిలో, మధ్యాహ్నం మూడింటికి. సరిగ్గా అప్పుడే మా చేను పూత మీదుంది.

మాది మానవపాడు దగ్గర పల్లె. నాన్న పుణెకు పనికి పోయేవాడు. అమ్మ అరెకరం కౌలుకు పట్టి, కంపెనీకి విత్తనాలిచ్చే సీడు పత్తి వేసింది. సీడు పత్తి అంటే పిల్లను సాకినట్టే. సాయంత్రం మొగ్గ గిల్లి, రేకలూ పుప్పొడీ ఒలిచేయాలి. తెల్లారి పూలు విచ్చుకునే వేళకు వేరే వరుసలోని మగపువ్వు తెచ్చి దానికి రుద్దాలి. దాన్ని క్రాసింగ్ అంటారు. ఆ పూట తప్పిందా, ఆ పువ్వు కాయ కాదు. ఆ రెండు నెలలు మా అమ్మ చేను విడిచి ఎక్కడికీ పోదు, నన్నూ పోనివ్వదు. మ్యాచ్ మాటెత్తితే ఖరాఖండిగా వద్దంది.

జట్టులో ఇంకో కీపర్ లేదు. సారు ముందు నిలబడి ఏడ్చాను. ఆయన మర్నాడు బండేసుకుని నేరుగా మా చేనుకే వచ్చారు.

"అక్కా, ఒక్క పూట ఇయ్యి నీ బిడ్డను" అన్నారు.

"పువ్వు రేపటి దాక ఆగదు సారూ. మీ ఆట ఆగుతదేమో అడుగుర్రి" అంది అమ్మ, చేతిలో పని ఆపకుండానే.

సారు చేనును ఈ చివర నుంచి ఆ చివరకు చూశారు. "ఎంతమందైతే పదింటికల్లా పని ఒడుస్తది?" అని అడిగారు. అమ్మ అప్పుడు తలెత్తింది.

మ్యాచ్ రోజు పొద్దున్నే మా జట్టు పదిమందీ ఆట బట్టల్లోనే జీపు దిగారు. మా దిక్కు క్రాసింగ్ తెలియని ఆడపిల్ల ఉండదు. తలా ఒక వరుస పట్టుకున్నారు. తెలియనిది సారు ఒక్కరికే. కబడ్డీ చేతులాయె. పువ్వు రుద్దమంటే లోపలి పుల్ల విరిచి పెట్టారు, అదీ ఒకటి కాదు, సగం వరుస. అమ్మ చూసి నెత్తి కొట్టుకుంది. జర గట్టు మీద కూసోర్రి సారూ, పిల్లలు చేస్తరు అంది. ఆయన కూర్చుంటారా? మగపూల పళ్లెం పట్టుకుని అందరి వెంటా తిరిగారు. పది కాకముందే పని అయింది. సాయంత్రం గిల్లుడు నేను చూసుకుంట, గెల్వకుంటే నా చేనుకు రాకుర్రి అని అమ్మ మమ్మల్ని సాగనంపింది.

పెబ్బేరు మీదుగా వనపర్తి చేరేసరికి మా ప్రత్యర్థులు మైదానంలో ఉన్నారు. వాళ్లు పడి లేచి ఆడారు, మేం నిలబడి ఆడాం. చివరి దాకా ఎవరికీ గోల్ రాలేదు. పెనాల్టీలు పెట్టారు. వేళ్ల సందుల్లో పుప్పొడి అట్లాగే ఉంది, కడుక్కుందామన్న ధ్యాసే లేదు. ఆ చేతులతోనే రెండు ఆపాను. ఓడిపోతే అమ్మకు మొహం ఎట్లా చూపించాలన్నదొక్కటే నా మనసులో ఉంది.

ఫైనల్ నాగర్‌కర్నూల్‌లో. ఆ పొద్దు కూడా జట్టంతా మా చేనులోకే దిగింది. ఒక్క గోల్ తేడాతో గెలిచాం. కప్పు చేతికొచ్చాక బస్సు దగ్గర సారు అలవాటుగా అదే అడిగారు, పోయినసారి కంటే ఏం నయమని. ఇయ్యాల మీ చేతిల ఒక్క పువ్వు గూడ ఇరగలే సార్ అంది కెప్టెన్. ఆయన నవ్వి నవ్వి బస్సు మెట్టు మీదే కూలబడ్డారు.

ఆ కప్పు పుణ్యాన నేను ఆటల టీచర్నయ్యాను. అమ్మ మాత్రం నా ఆట ఒక్కటి కూడా చూడలేదు. నేను గోల్‌లో నిలబడ్డ ప్రతి పూటా ఆమె చేనులో ఉంది. ఇప్పటికీ అదే అరెకరం, అదే పంట, ఇప్పుడూ పూత మీదే ఉంది. అందుకే సారుకు మట్టి వేయడానికి రమ్మని నేను పిలవలేదు. కబురు మాత్రం చెప్పాను.

బుధవారం పొద్దున గద్వాలలో పాస్టరుగారి ప్రార్థన అయ్యేసరికి మా జట్టులో ఏడుగురం చేరాం. సమాధి దగ్గర చూస్తే మట్టి వేసే వరుసలో మాకంటే ముందు అమ్మ ఉంది. ఫస్ట్ బస్సుకే వచ్చిందట.

"అమ్మా, చేనుల పూలు?" అన్నాను.

"నిన్న గిల్లినయ్ గిల్లినట్టే ఉన్నయి. ఇయ్యాల పోనీ బిడ్డా."

అప్పుడు ఎండ తొమ్మిది గంటలది, పూలు విచ్చుకునే పొద్దు. అమ్మ చెంగు నడుముకు దోపి, దోసిలి నిండా మట్టి తీసుకుని మెల్లగా వేసింది. చేతులు దులుపుకోకుండానే వెనక్కి నడిచి, ఇంకో దోసిలికని వరుస చివర మళ్లీ నిలబడింది.