మా ఇంటి ఇద్దరు సిపాయిలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇద్దరు సిపాయిలు ఉండేవారు. ఒకరు మా మేనమామ. బర్మా యుద్ధానికి పోయి, అది ముగిశాక తిరిగి వచ్చాడు. రెండో మనిషి మా తాతయ్య. అంతకు ముందటి జర్మనీ యుద్ధంలో గుర్రాల దండుతో సముద్రం దాటి పోయి వచ్చాడని విన్నాం కానీ, ఆ ఊసు ఆయన ఎప్పుడూ ఎత్తేవాడు కాదు. మాకు తెలిసిన తాతయ్య ఆత్మకూరు దగ్గర నాలుగెకరాలు దున్నుకునే రైతు, అంతే.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. నాన్న పోయాక అమ్మా నేనూ తాతయ్య ఇంట్లోనే ఉండేవాళ్లం. యుద్ధానికి పోకముందు మామ నన్ను భుజాన ఎక్కించుకుని చేనంతా తిప్పేవాడు. తిరిగి వచ్చిన మామ గోడవైపు తిరిగి కూర్చునేవాడు. పళ్లెం కింద పడ్డా ఉలిక్కిపడి లేచేవాడు. తినమంటే తినేవాడు, పిలిస్తే పలికేవాడు కాదు.

ఒకరోజు మధ్యాహ్నం ఆయనా నేనూ సూర్యాపేట బాట పక్కన మేకకు ఆకు కోస్తున్నాం. అటుగా పోతున్న లారీ టైరు ఢామ్మని పేలింది. ఏమైందో తెలిసేలోపే మామ నన్ను కింద పడేసి మీద పడ్డాడు. రెండు చేతులతో నా తల కప్పేసి, నాకు తెలియని భాషలో ఎవరినో పిలుస్తున్నాడు. నా చేతి ఎముక విరిగింది.

ఊళ్లో తలా ఒక మాట అన్నారు. గాలి సోకిందన్నారు కొందరు. గొలుసు వేసి కట్టేయకపోతే పిల్లను చంపుతాడన్నారు మరికొందరు. గొలుసు మాట అన్న మనిషిని తాతయ్య వాకిట్లోంచి పొమ్మన్నాడు. నేను మాత్రం నిజంగానే భయపడ్డాను. మామ ఉన్న వైపు పోవడం మానేశాను. అది చూసి ఆయన అన్నం తినడం కూడా తగ్గించాడు.

నా చేతికి కట్టు కట్టిన సూర్యాపేట డాక్టరు, దెబ్బ ఎలా తగిలిందో అంతా అడిగి తెలుసుకున్నాడు. ఆయన కూడా యుద్ధకాలంలో ఫౌజు దవాఖానలో పనిచేసినవాడే. మీ కొడుకును ఒకసారి తీసుకురండి, ఇలాంటి వాళ్లను చాలామందిని చూశాను, ఇది జబ్బే కానీ పిచ్చి కాదు అని తాతయ్యతో చెప్పాడు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే మామ మొండికేశాడు. మూడుసార్లు అడిగినా "నాకేం రోగం లేదు" అన్నదే జవాబు.

అప్పుడు తాతయ్య ఒక ఉపాయం చేశాడు. కట్టు విప్పడానికి ఇంకా వారం ఉండగానే, ఈరోజే విప్పించాలని బండి కట్టించాడు. తనకు నడుము పట్టేసిందన్నాడు. "బిడ్డ చెయ్యి నీ వల్లనే ఇరిగె. బండి నువ్వు గాకపోతే ఎవలు తోల్తరు?" అన్నాడు. మామ తలవంచుకుని పగ్గాలు పట్టుకున్నాడు. దారి పొడుగునా ఆయన ముందు, నేను వెనక తాతయ్య ఒడిలో. ఒక్కసారి కూడా ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.

డాక్టరు నా చెయ్యి చూసి కట్టు ఇంకో వారం ఉండాలన్నాడు. ఆ తర్వాత మామ వైపు తిరిగాడు. మామకు విషయం అర్థమైపోయింది. గబుక్కున లేచి గుమ్మం వైపు నడిచాడు. అప్పుడు మా తాతయ్య, నేనెప్పుడూ ఊహించని పని చేశాడు. తలపాగా తీసి పక్కన పెట్టి, రోగులు కూర్చునే స్టూలు మీద తనే కూర్చున్నాడు.

"డాక్టర్ సాబ్, ముందుగాల నన్ను సూడుండ్రి. ముప్పై ఏండ్లాయె, నాకు సుతం గిట్లనే ఉన్నది."

మామ గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇది కూడా ఉపాయంలో భాగమే అనుకున్నాను. బహుశా తాతయ్య కూడా అలా అనుకునే మొదలుపెట్టాడేమో. కానీ చెబుతున్నకొద్దీ ఆయన మా ఎవరివైపూ చూడడం మానేశాడు. ఇసుక నేలలో కాల్పులు జరుగుతున్నప్పుడు, తనతో వచ్చిన జోడీ సిపాయి గుర్రం కింద పడి నలిగిపోయాడట.

"నీళ్లు, నీళ్లని పిల్సిండు. నా తాన తిత్తినిండ నీళ్లున్నయ్. నేను పోలే. పానం తీపి, లేవలే. ఇయ్యాల్టికి నీళ్లు నోటికాడ వెట్టుకుంటే ఆయన గొంతే ఇనబడ్తది."

తాతయ్య అందరి ముందు నీళ్లు ఎందుకు తాగడో, చెంబు పట్టుకుని పెరట్లోకి ఎందుకు పోతాడో ఆ రోజు తెలిసింది. మామ మెల్లగా వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"నాయినా, గిన్నేండ్లు ఎవలికి చెప్పలేదా?"

"ఎవలున్నర్రా చెప్పనీకి? నీకు నేనున్న."

మామ ఏడ్చాడు. తిరిగి వచ్చాక ఆయన ఏడవడం అదే మొదలు. డాక్టరు తొందరపెట్టలేదు. బయట వరుసలో ఉన్నవాళ్లను కాసేపు ఆగమన్నాడు. నిద్ర పట్టడానికి మందు ఇచ్చాడు. మందుకంటే ఎక్కువగా, వారానికోసారి వచ్చి మాట్లాడాలన్నాడు. వరండాలో కూర్చున్న ఒక కోదాడ మనిషిని లోపలికి పిలిచాడు. బర్మాలోనే ఫౌజు లారీలు నడిపిన డ్రైవరు ఆయన. మామ పక్కన చతికిలబడి, "తమ్ముడూ, నేను ఏడు నెలల నుంచి వస్తున్నాను. మొదట్లో ఈ మెట్లెక్కడానికి నాకూ సిగ్గేసింది. వచ్చే వారం నీకోసం ఇక్కడే చూస్తుంటాను" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు నేనే బండి ముందుకు జరిగి మామ పక్కన కూర్చున్నాను. చాలాదూరం పోయాక ఆయన అడిగాడు, "చెయ్యి నొస్తున్నదా బిడ్డా? నేను నిన్ను కాపాడుతున్న అనుకున్న." నొప్పి లేదన్నాను. అబద్ధమే.

మామ ఒక్కరోజులో బాగుపడలేదు. పెద్ద చప్పుడైతే చివరిదాకా ఉలిక్కిపడేవాడు. కానీ ప్రతి వారం తండ్రీ కొడుకులిద్దరూ సూర్యాపేట పోయి కోదాడ డ్రైవరును కలిసి వచ్చేవారు. రెండేళ్ల తర్వాత, మిర్యాలగూడలో ఫౌజు నుంచి వచ్చిన ఒకతను గది తలుపు వేసుకుని ఎవరితోనూ మాట్లాడడం లేదని తెలిసింది. మామ బయలుదేరి పోయాడు. ఆ మూసిన తలుపు ముందు కూర్చుని, లోపలి మనిషిని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా, తన సంగతంతా చెప్పుకుంటూ పోయాడట. పొద్దు వాలే వేళకు తలుపు తెరుచుకుంది.

నాకిప్పుడు ఎనభై దాటాయి. పంతులమ్మగా పనిచేసిన రోజుల్లోనూ, ఆ తర్వాతా, దిగులు దిగమింగుకుని కూర్చున్న మనుషులు ఎందరో నాకు ఎదురయ్యారు. ఏమైందని నేను వాళ్లను అడగను. పక్కన కూర్చుని, ముందు నాది చెబుతాను.